కంచె దగ్గర ఎండబెట్టిన పొట్లాలు

ఊరి చివర పశువులపాకలో జంతువులన్నీ ఎక్కడివక్కడ ముడుచుకు కూర్చున్న రోజులవి. దగ్గు జబ్బు తిరుగుతోంది, బయటికెళ్తే అంటుతుందని భయం. అంతకుముందు గింజగింజా గీరి చూసుకుని గానీ తిననివి కూడా, కూర్చున్న చోటికే తెప్పించుకోవడం మరిగాయి. కరెంటు తీగ మీది గోరింకకు చెబితే, ఒక గోరింక నుంచి ఇంకో గోరింకకు పాకి, మాట సంతలో ఉడత కొట్టుకు చేరేది. సరుకు ఆకుల్లో చుట్టి కాకి తెచ్చేది. మొదట్లో తిండిగింజలే. పోనుపోను గేదె కొమ్ములకు రంగు తెప్పించుకుంది. ఎవరు చూడాలనో ఆవిడకే తెలియాలి.

చుక్కలకోడిది మాత్రం సరదా కాదు. తొమ్మిది గుడ్లు పొదుగుతోంది. లేచి మేతకు పోతే గుడ్లు చల్లబడి మురిగిపోతాయి. ఇంకా ఆరు రోజులు కదలకూడదు.

ఒకనాడు కంచె అవతల నుంచి నక్క పలకరించింది.

“పిన్నీ, పొట్లం రాగానే ముట్టుకుంటున్నావా? కొంప మునుగుతుంది! ఒక పూట ఈ కంచె దగ్గర ఎండలో పెట్టించు. జబ్బు చచ్చిపోతుంది.”

“అంత దూరం నుంచి అరుస్తావేం?”

“జాగ్రత్త పిన్నీ, జాగ్రత్త!” అంది నక్క, కోడి పక్కనున్న ఎద్దు కొమ్ముల వైపు చూస్తూ.

కోడి నమ్మింది. రెండు పొట్లాలు ఎండలో పెట్టించింది. రెండూ మాయమయ్యాయి. రెండు రోజులు పస్తు.

“నువ్వే మింగావురా దొంగమొహమా!” అని కాకిని దులిపేసింది.

“నా పిల్లల మీద ఒట్టు అత్తా! కంచె దగ్గరే పెట్టాను.”

నెమరేస్తున్న ఎద్దు అప్పుడు నోరు విప్పింది. “నక్క పట్టుకుపోయింది. నేను చూశా.”

“మొన్ననే చెప్పొచ్చుగా!”

“అడగందే మాట్లాడితే విసుక్కుంటావుగా.”

కోడి కాకి చెవిలో ఏదో చెప్పింది. తర్వాత నక్క బొరియ దాకా వినబడేలా గోరింకకు కేకేసింది. “రేపటికి జున్నుముక్క! పెద్దది!”

మర్నాడు కాకి ఒక పచ్చటి ఆకుల ముద్దను రెమ్మతో సహా తెచ్చి కంచె దగ్గర పెట్టింది. మామిడిచెట్టు మీద ఎర్రచీమలు ఆకులు కలిపి కట్టుకున్న గూడది. ఆత్రంలో నక్క చూడనేలేదు, పళ్లతో పర్రున చింపింది.

“అమ్మో! ముక్కు! నా ముక్కు!”

“మెల్లిగా తిను నాయనా, అంతా నీదే,” అంది కోడి.

కాలవలో దూకేదాకా నక్క ఆగలేదు.

ఆ మధ్యాహ్నం నూకల పొట్లం నేరుగా కోడి ముందుకే వచ్చింది. పై ఆకు అవతల పారేయించి కడుపునిండా తింది. నూకల్లో రెండు రాళ్లున్నాయని ఉడతకు మాట కూడా పంపింది. వారం తిరక్కుండా తొమ్మిది పిల్లలూ కిచకిచమంటూ బయటికొచ్చాయి. నక్కతో మాత్రం ఇప్పటికీ మాటల్లేవు.

జబ్బు కాలంలో ఎవరైనా సలహా చెబితే, దానివల్ల ఎవరి కడుపు నిండుతుందో ముందు చూసుకోవాలి.