సుద్దగీతకు అటూ ఇటూ

“లోహిత్! పెచ్చెట్టి లోహిత్!”

నర్సు గుమ్మంలోంచి పిలిచింది. బెంచీ మీద కూర్చున్న పదకొండేళ్ళ పిల్లవాడు పలకలేదు. పైకి చూస్తూ, ఎవరో తనతో మాట్లాడుతుంటే ఒప్పుకుంటున్నట్టుగా తల ఊపుతున్నాడు. వాన వెలిశాక ఆకు మీద నిలిచిన నీటిబొట్ల లాంటి కళ్ళు. అంత చిన్న కళ్ళలో అంత భయం ఎలా పట్టిందో అనిపిస్తుంది చూసేవాళ్ళకి. తల్లి అనంతలక్ష్మి చెయ్యి పట్టుకుని లేపితే లేచాడు. ఆ చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పట్టుకోడు. మాత్రయినా ఆమె నోట్లో వేస్తేనే మింగుతాడు.

వాళ్ళ వెనకాలే నాయనమ్మా, అమ్మమ్మా పోట్లాడుకుంటూ లోపలికి వచ్చారు. తండ్రి వీర్రాజు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. తల్లి మాట దాటడం అతనికి తెలీదు.

ఆ గది డాక్టర్ జోగారావు గారిది. లేని మాటలు చెవిన పడే జబ్బు, పసితనంలోనే మనసు చెదిరిపోయే జబ్బు, ఎదుగుదలలో వచ్చే తేడాలు, ఇవన్నీ నెత్తుటిలో ఎక్కడ మొదలవుతాయో వెతకడం ఆయన పని. ఇంటిల్లిపాది దగ్గరా కాస్త రక్తం తీసుకుంటారు. వంశవృక్షం గీస్తారు. మగవాళ్ళకి గడి, ఆడవాళ్ళకి సున్నా, జబ్బు ఉన్నవాళ్ళకి లోపల నలుపు. ఆ గీతలు గీసేది శిష్యుడు ఇందుధర్. ఏదైనా అడిగితే సూటిగా జవాబు చెప్పే అలవాటు మాత్రం జోగారావు గారికి లేదు.

“ఇది ఆళ్ళ వైపు నుంచే వచ్చిందని మీ మిషన్లో తేల్చి చెప్పెయ్యండి బాబూ,” అంది నాయనమ్మ వెంకాయమ్మ. “తేలిన మర్నాడే దీన్ని పుట్టింటికి పంపేస్తాను. పిల్లోణ్ణి మేం చూసుకుంటాం.”

అనంతలక్ష్మి కొడుకు వేళ్ళు ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

“మా వైపా?” అంది అమ్మమ్మ మాణిక్యం. “మావోళ్ళంతా నిక్షేపంలా ఉన్నారు. నీ కొడుకే, నిద్దట్లో పళ్ళు నూరతాడంట.”

“అది మీ అన్న పోలిక.”

“మా అన్నంటే ఎవరు వదినా, నీ మొగుడేగా.”

ఇందుధర్ కలం కింద పెట్టేశాడు. “అమ్మా, మీకెన్నిసార్లు చెప్పాలి? ఇది ఒక్కరి దగ్గర్నుంచి ఒక్క ముక్కగా వచ్చేది కాదు. చిన్నచిన్న తేడాలు వందలకొద్దీ కలవచ్చు. కొన్ని ఎవరి దగ్గర్నుంచీ రాకుండా పిల్లవాడిలోనే కొత్తగా పుట్టవచ్చు.”

“అదేలే,” అంది వెంకాయమ్మ. “ఆ వందలూ ఆళ్ళవే.”

ఇందుధర్ గురువుగారి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. ఆ గొంతులో విసుగు కంటే దిగులే ఎక్కువ. “సార్, మనం వెతికేది కారణం. వీళ్ళకి కావలసింది దొంగ. ఒక తల్లిని పిల్లవాడి దగ్గర్నుంచి గెంటెయ్యడానికి మన కాయితం పనికొస్తుందంటే, అసలీ పని ఎందుకు చేస్తున్నాం?”

జోగారావు గారు విననట్టే బల్ల సొరుగులోంచి సుద్దముక్క తీశారు. మోకాళ్ళు కలుక్కుమంటుంటే వంగి, గది మధ్యలో నేల మీద ఒక గీత గీశారు.

“నాన్న వైపు వాళ్ళు కిటికీ పక్కన, అమ్మ వైపు వాళ్ళు తలుపు పక్కన నిలబడండి. ఎవరి వైపో ఇప్పుడే తేల్చేద్దాం.”

పెళ్ళిలో మగపెళ్ళివారి వరసకి నడిచినంత దర్జాగా వెంకాయమ్మ కిటికీ పక్కకి నడిచింది. మాణిక్యం మూతి తిప్పుకుని తలుపు పక్కన నిలబడింది.

“వెంకాయమ్మగారూ, మీ కోడలి నాన్నగారు మీకేమవుతారు?”

“మా తమ్ముడండి.”

“అయితే మీరు అమ్మ వైపు కూడాను. ఇటు రండి. మాణిక్యంగారూ, మీ అల్లుడి నాన్నగారు మీకు?”

“మా అన్నయ్యేనండి.”

“మీరు అటు వెళ్ళండి.”

ఆ రెండిళ్ళూ కుండమార్పిడి చేసుకున్నాయి. వెంకాయమ్మని ఆ ఇంటికి ఇచ్చి, ఆ ఇంటి పిల్ల మాణిక్యాన్ని వెంకాయమ్మ తమ్ముడికి తెచ్చుకున్నారు. ఆ తరవాత వీళ్ళ పిల్లని వాళ్ళ పిల్లవాడికే చేశారు. ఇందుధర్ కాయితం మీది గీతలు మెలికల ముగ్గులా ఉన్నాయి. ఏ చుక్క దగ్గర మొదలుపెట్టినా తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది.

“పుట్టింటికి పంపేస్తానన్నావుగా వదినా,” అంది మాణిక్యం, కిటికీ పక్కకి వెళుతూ. “ఏ పుట్టింటికి? అది నీ పుట్టిల్లే.”

వెంకాయమ్మ గీత దాటబోయి, ఒక కాలు ఇటూ ఒక కాలు అటూ వేసి ఆగిపోయింది.

“ఇంకొక్కరు మిగిలారు,” అన్నారు జోగారావు గారు మెత్తగా. “మీ నాన్నగారు. మీ అబ్బాయికీ ఆయనే తాత, మీ కోడలికీ ఆయనే తాత. ఆయన్ని ఎటు నిలబెట్టమంటారు?”

“మామయ్యగారి మాట ఎందుకండి,” అంది మాణిక్యం. “నేను కాపరానికి వచ్చేసరికే అన్నీ వదిలేసి కాశీ వెళ్ళిపోయిన మహానుభావుడు.”

వెంకాయమ్మ కాళ్ళ కింది గీతనే చూస్తోంది. కిటికీలోంచి సముద్రపు గాలి వచ్చి ఆవిడ నెరిసిన జుట్టుని మొహం మీదికి తోసింది. తీసుకోలేదు.

“కాశీ వెళ్ళలేదు,” అంది.

ఇందుధర్ కాయితం మీంచి తల ఎత్తాడు.

“ఆయన్ని ఎటూ నిలబెట్టలేరు బాబూ. కాలికి గొలుసుండేది. దొడ్లో పాకలో ఉంచేవోరు. అన్నం నేనే పట్టుకెళ్ళేదాన్ని. ఈడిలాగే, ఎవరూ లేకపోయినా మాట్టాడేవోడు. నన్ను చూస్తే మటుకు ఆపేసి, తిన్నావా అమ్మా అని అడిగేవోడు. అక్కడే పోయాడు. మాకు సంబంధాలు రావని, కాశీ వెళ్ళాడని చెప్పమంది మా అమ్మ. తమ్ముడు చంటోడు, ఆడిక్కూడా అదే చెప్పాం.” ఆవిడ కోడలి వైపు చూడలేకపోయింది. “మనవడు మొదలెట్టిన రోజే నాకు తెలిసిపోయింది. ఇది మా ఇంటిదే. కోడల్ని పంపేస్తే ఆ గొలుసు చప్పుడు నా చెవుల్లోంచి పోద్దనుకున్నాను.”

అనంతలక్ష్మి కొడుకుని వదలకుండానే రెండో చేత్తో అత్త మోచెయ్యి పట్టుకుంది.

ఇందుధర్ కలం తీసుకుని, పైవరసలో ఖాళీగా ఉన్న గడి మీదికి వంగాడు. జోగారావు గారు అతని మణికట్టు మీద చెయ్యి వేశారు.

“నలుపు తరవాత పెట్టుకోవచ్చు. ముందు ఆవిణ్ణి కూర్చోబెట్టు.”