కాళ్లపెట్టె గుట్ట

పూర్వం, మన దేశంలో అక్షరం ఇంకా పుట్టక, జనులు ఇనుము కరిగించడం మాత్రం నేర్చిన కాలంలో, మా ఊరి తూర్పు గుట్టను ఇనుపరాయడనే దొర ఏలుతుండేవాడు. మరణించినవారు మట్టిలో కలిసిపోరనీ, గుట్ట మీద రాతి ఇంట్లో కాపురముంటారనీ ఆనాటివారి విశ్వాసం. అందుచేత పలకబండలతో గది అమర్చి, తూర్పు బండకు గుండ్రని రంధ్రం తొలిచి, లోపల అన్నం కుండ, పూసలు, కొడవలి ఉంచి, చుట్టూ గుండ్లు వలయంగా పేర్చేవారు. రంధ్రం దేనికంటారా? లోపలివారు వచ్చిపోవడానికి.

ఆ గుట్ట తన వంశానిదేననీ, ఇతరుల శవాన్ని గాని అస్థికలను గాని మోసుకొని పైకెక్కినవారి చేతులు నరికిస్తాననీ ఇనుపరాయడు శాసించాడు. ఆ సంవత్సరమే, కుండలు చేసే దుగ్గవ్వ కూతురు గువ్వ, పాలపళ్లైనా రాలని పసిది, జ్వరంతో కన్నుమూసింది.

"నా బిడ్డ ఒంటరిగా ఉండలేదు దొరా, నలుగురి మధ్య ఇంత చోటియ్యి," అని దుగ్గవ్వ వేడుకుంది.

"మీకు వాగు ఇసుక చాలదా? ఎవరు మోస్తారో నేనూ చూస్తా."

"ఎవరూ మొయ్యరులే," అని ఆమె లేచిపోయింది.

దేహాన్ని ముందు ఆరుబయట ఉంచి, ఎముకలు మిగిలాకనే సమాధి చేయడం అప్పటి ఆచారం గనుక దుగ్గవ్వకు వ్యవధి దొరికింది. మట్టి పిసికి తొట్టివంటి పెట్టె చేసి, అడుగున రెండు వరుసల పొట్టి కాళ్లు అతికి, పిడకలు పేర్చి కాల్చింది. ఒక ఉదయం చూస్తే ఆ పెట్టె దొర తండ్రి సమాధి పక్కన నిలిచి ఉంది.

"ఎవరు మోశారు?"

"నడిచొచ్చిందయ్యా. కాళ్లున్నాయిగా," అంది దుగ్గవ్వ.

ఊరి ఆడవాళ్లందరినీ నిలబెట్టి అడిగాడు. "నడిచే వచ్చింది, నేనే దారిచ్చాను," అంది ఒకామె. "మా మేకను దాటిపోయింది, ఇంత తొందరేమిటే అన్నాను కూడా," అంది ఇంకొకామె. అందరి భుజాలూ ఒరుసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. అన్ని చేతులూ నరికితే ఊళ్లో పంట కోసేవారుండరని దొరకు తెలుసు. పెట్టె పగలగొట్టమంటే భటులు కదలలేదు. తానే గునపం ఎత్తాడు. అంతలో తన తండ్రి సమాధి వద్ద పాతిన నిలువురాయి, గాలైనా లేకుండా, ఆ పెట్టె మీదికి గొడుగులా ఒరిగి నిలిచింది. గునపం జారవిడిచి దొర గుట్ట దిగిపోయాడు.

ఆ రాయి నేటికీ ఒరిగే ఉంది. తవ్వకాలు జరిపినవారికి దాని నీడలో కాళ్లపెట్టె, అందులో పాలపళ్లు, పూసలు దొరికాయి. తేమ తగలకుండా కాళ్లు పెట్టి ఉంటారని వారన్నారు. కావచ్చు. బిడ్డకు తేమ తగలకూడదనుకున్నదీ తల్లే కదా.

ఏటా కోతలయ్యాక మా ఊరి ఆడవాళ్లం చిన్న చిన్న కాళ్లపెట్టెలు చేసి అక్కడ నిలుపుతాం. నిరుడు గుట్టను కంకర కోసం వేలంలో పాడుకున్నాయన యంత్రాలతో వచ్చి, బాటకు అడ్డంగా బారులు తీరిన పెట్టెలు చూసి, ఎవరు పెట్టారని గద్దించాడు. మేమంతా వరుసగా నిలబడ్డాం. పెద్దదాన్ని గనుక ముందు నేనే జవాబిచ్చాను.

"నడిచొచ్చాయి నాయనా."