అడగని నీళ్ళు

ఆ నగరానికి ఒకే గొంతు ఉండేది.

నగరపెద్ద కచేరీ మేడ మీద ఒక పాత వైర్‌లెస్ పెట్టె ఉండేది. నిప్పార్పేవాళ్ళ సెట్లు, నీళ్ళు వదిలేవాళ్ళ సెట్లు, వీధులూడ్చేవాళ్ళ సెట్లు అన్నీ దానికే కలిసేవి. ఒకరు మాట్లాడితే అందరికీ వినబడేది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరికీ వినబడేది కాదు. కొండ వెనక వీధుల నుంచి ఎవరైనా మాట్లాడితే గరగర తప్ప ఏమీ వచ్చేది కాదు.

నిప్పార్పేవాళ్ళకు పెద్ద నిప్పాయన. మీసాల మనిషి. బండెక్కి ఫలానా వీధికి బయల్దేరుతున్నామని సెట్టులో చెప్పేవాడు, చెప్పగానే ఇంజను పొగకు తుమ్మేవాడు. ఒక్కరోజు తప్పితే ఒట్టు.

నీళ్ళకు పెద్ద నీళ్ళాయన. ఆ నగరంలో అందరికీ ఒకేసారి ఇచ్చేటన్ని నీళ్ళు లేవు. ఒక్కో వీధికి ఒక్కో వంతు. నీళ్ళాయన వాల్వుల గదిలో కూర్చుని, వాల్వు తిప్పే మనిషెత్తు ఇనప తాళంతో ఒక వీధికి కట్టి ఇంకో వీధికి వదులుతుండేవాడు. వంతు కాని వీధిలో కుళాయి తిప్పితే గాలి వచ్చేది.

ఊడ్చేవాళ్ళకు పెద్ద చీపురమ్మ. ఆమె గొంతు ముందు పెట్టె గొంతు కూడా కాస్త తగ్గేది.

ఈ ముగ్గురూ ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూడలేదు. ఎవరి కొలువు వాళ్ళది, ఎవరి మూల వాళ్ళది. అయినా నిప్పాయన, నీళ్ళాయన బావా అంటే బావా అనుకునేవాళ్ళు. నిప్పాయన తుమ్మగానే పెట్టెలోంచి నీళ్ళాయన గొంతు వచ్చేది.

"చిరంజీవ! బయల్దేరుతూ తుమ్మావు, మంచిది కాదు. కాసిని నీళ్ళు తాగి కదులు బావా."

"బండి నిండా నీళ్ళే బావా. దారిలో తాగుతాలే."

"మీ సరసాలు తగలెయ్య, ముందు కదలండన్నా!" అనేది చీపురమ్మ.

నగరపెద్దకు ఇదంతా నామోషీగా ఉండేది. పొరుగు నగరపెద్ద చుట్టపుచూపుగా వచ్చినప్పుడు, మా నగరం ఎలా మాట్లాడుతుందో వినండంటూ ఈయన పెట్టె గుండీ తిప్పాడు. "బావా, ఇవాళ మా ఇంట్లో పులుసు నోట పెట్టలేం" అంది నగరం. వచ్చినాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. మన పెద్దాయనకు ఆ పూట అన్నం సయించలేదు.

అదొక్కటే అయితే ఈ కథ లేదు. ఆ ఏడు వానలకు కొండ వెనక వీధుల్లోకి వరద వచ్చింది. చీపురమ్మ, ఆమె మనుషులు నడుం లోతు నీళ్ళలో చిక్కుకున్నారు. ఆమె పొద్దుటి నుంచి దీపాలు పెట్టే వేళ దాకా సెట్టులో పిలుస్తూనే ఉంది. మేడ మీద పెట్టె గరగరమంటూనే ఉంది. ఎవరో పడవవాడు అటుగా వచ్చాడు గనక బతికారు. ఆ తర్వాత నెల రోజులు చీపురమ్మకు గొంతు లేదు. నగరపెద్ద వెళ్ళి ఆమె ముందు నిలబడి, తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. మంచివాడే, కాస్త పటాటోపం అంతే.

అప్పుడు ఇంజనీరమ్మను పిలిపించారు.

ఆమె వచ్చిన రోజే చీపురమ్మ ఇంటికి వెళ్ళింది. ఆ పెద్ద గొంతు మనిషి చేతులతో సైగలు చేస్తూ వరద కథ చెబుతుంటే చూసింది. ఈ నగరంలో ఇక ఎవరు పిలిచినా వినబడాలి, ఒక్క పిలుపు కూడా గాలిలో కలిసిపోకూడదు అని మనసులో గట్టిగా అనుకుంది. ఆ తర్వాత ఆమె చేసిన ప్రతి పనీ ఆ మాట కోసమే.

"పాతదొక రోతమ్మా, తీసి పారెయ్" అన్నాడు నగరపెద్ద. "అందరూ అందరి మాటా వినడమేమిటి, సంతలాగా? అడగందే అమ్మైనా పెట్టదు. ఎవరు ఎవరిని ఏం అడుగుతారో చూడు. అడిగేవాడి నుంచి ఇచ్చేవాడికి దారి వెయ్యి. మిగతా గోల మనకొద్దు."

ఆ మాట ఆమెకూ సబబుగానే తోచింది. వానలు వెళ్ళి చలి ముదిరేదాకా ఆమె పాత పెట్టె ముందు కూర్చుని విన్నది. ఎవరైనా ఎవరినైనా ఏదైనా అడిగితే, మేడ గోడ మీద ఇద్దరి మధ్యా సుద్దతో ఒక గీత గీసేది. చీపురమ్మ నీళ్ళాయనను కాలవ కడగడానికి నీళ్ళడిగింది, ఒక గీత. నిప్పాయన చీపురమ్మను కాలిన చెత్త ఎత్తించమని అడిగాడు, ఇంకో గీత. గోడ నిండా గీతలు అల్లుకున్నాయి.

నిప్పాయనకూ నీళ్ళాయనకూ మధ్య గీత గియ్యడానికి మాత్రం ఆమెకు ఏమీ దొరకలేదు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు ఏమీ అడగలేదు. తుమ్ములు, చిరంజీవలు, పులుసులు, అంతే. ఆ మాటలకు ఆమె ఒక్కతే మేడ మీద కూర్చుని నవ్వుకునేది. ఒక్కోరోజు పని లేకపోయినా ఆ బావల కోసమే వచ్చి కూర్చునేది. కానీ గోడ నవ్వుల కోసం కాదు గదా. అక్కడ గోడ తెల్లగానే ఉండిపోయింది.

కొత్త యంత్రం వచ్చింది. కొండ నెత్తిన కొత్త టవర్ లేచింది. గాలిలో గదులు కట్టినట్టు ఒక్కో శాఖకు ఒక్కో గది ఏర్పడింది. ఏ గది మాట ఆ గదిలోనే. గోడ మీద గీత ఉన్నచోట మాత్రం రెండు గదుల మధ్య తలుపు, అదీ గుండీ నొక్కి పిలిస్తేనే తెరుచుకుంటుంది. మేడ మీద కూర్చున్నవాళ్ళకు అన్ని గదులూ వినబడతాయి గాని మాట్లాడే వీల్లేదు. కచేరీవాళ్ళు అడ్డం పడితే పనులు చెడతాయని నగరపెద్దే అలా పెట్టించాడు. తనను తాను బాగా ఎరిగినవాడు.

మొదటిరోజు చీపురమ్మ కొండ వెనకకు వెళ్ళి, సరిగ్గా వరదలో నిలబడ్డ చోటే నిలబడి, సెట్టు నోటి దగ్గర పెట్టుకుంది. "వినబడుతున్నానా తల్లీ?" అంది. పక్కన కూర్చుని మాట్లాడినట్టుంది. మేడ మీద ఇంజనీరమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నిజంగా గొప్ప పని చేసింది, అందులో అబద్ధమేమీ లేదు.

నీళ్ళాయన గదిలో మాత్రం మాటలు తగ్గిపోయాయి. "మూడో వాల్వు కట్టాను." "నాలుగోది వదిలాను." అంతే. ఆయన సెట్టును ఒకటి రెండుసార్లు తట్టి చూశాడు. చెడిపోలేదు. మజ్జిగ తాగి, తాళం తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుని కూర్చున్నాడు.

ఒక మధ్యాహ్నం బొంతల వీధిలో పరుపుల దుకాణం అంటుకుంది.

ఇంజనీరమ్మ మేడ మీదే ఉంది. ఆమె పని అయిపోయినా ఊరికి వెళ్ళలేదు. ఆ గొంతులు వదిలి వెళ్ళబుద్ధి కాలేదు. "బొంతల వీధి. బయల్దేరుతున్నాం" అన్నాడు నిప్పాయన. తరవాత తుమ్మాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఆమె పెదాల దాకా వచ్చిన మాటను మింగేసింది.

బండిలోని నీళ్ళు ఆ దూది మంటకు ఏ మూలకూ చాలలేదు. నిప్పాయన ఎప్పటిలాగే వీధి మలుపులో నిప్పార్పేవాళ్ళ కోసం పెట్టిన ఎర్ర పంపుకు గొట్టం బిగించి తిప్పాడు. బుస్సున గాలి వచ్చింది.

"పంపులో నీళ్ళు లేవు!" అని అరిచాడు. "ఎప్పుడూ ఉండేవే! నీళ్ళు లేవు!"

ఆ అరుపు అతని గదిలో ఉన్న ప్రతి మనిషికీ అక్షరం పొల్లుపోకుండా వినబడింది. వాళ్ళెవరి చేతిలోనూ వాల్వు తాళం లేదు. మేడ మీద ఇంజనీరమ్మకు కూడా అంతే స్పష్టంగా వినబడింది. ఆమె గోడకేసి చూసింది. ఇద్దరు బావల మధ్య గోడ తెల్లగా ఉంది. లోపలికి పోతున్నాను, పైన పిల్లలెవరో ఉన్నారంటున్నారు అని నిప్పాయన చెబుతున్నాడు. ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి పరుగెత్తింది.

వాల్వుల గది కచేరీ వెనక వీధిలో ఉంది. ఆమె గుమ్మంలోకి వచ్చి, ఊపిరి అందక, "బొంతల వీధి, నిప్పు" అని రెండే మాటలు అన్నది. నీళ్ళాయన చేతిలో మజ్జిగ గ్లాసు కింద పడింది. ఆయన అప్పటికే లేచి తాళం తిప్పుతున్నాడు.

"చెప్పాలి గదమ్మా! చెప్పొద్దూ!" అంటున్నాడు, ఏడుపు గొంతుతో. "నాకెవరూ చెప్పలేదు."

"ఇదివరకు ఎవరు చెప్పేవాళ్ళు?"

ఆయన తిప్పుతూనే ఆలోచించాడు. "ఎవరూ చెప్పేవాళ్ళు కాదు" అన్నాడు చివరికి. "బావ ఫలానా వీధికి పోతున్నానంటే నా చెయ్యి తాళం మీదికి పోయేది. దీనికొకరు చెప్పేదేముంది?"

పిల్లలిద్దరూ బతికారు. దుకాణం దక్కలేదు. నిప్పాయన మీసం ఒక పక్క పూర్తిగా కాలింది, అరచేతులు బొబ్బలెక్కాయి. నీళ్ళు వదిలాక నీళ్ళాయన గదిలో ఉండలేకపోయాడు. తాళం భుజాన వేసుకుని, ఇంజనీరమ్మ వెంట పరుగులాంటి నడకతో బొంతల వీధికి వచ్చాడు. పొగలో, తడిసిన దూది మధ్య, పొట్టి మనిషొకడు అరుగు మీద కూర్చుని తుమ్ముతున్నాడు.

"చిరంజీవ" అన్నాడు నీళ్ళాయన.

పొట్టి మనిషి తలెత్తాడు. "బావా?" అన్నాడు. "నువ్వు లావుగా ఉంటావనుకున్నా."

"నువ్వు పొడుగుంటావనుకున్నా." నీళ్ళాయన ఆ చేతులకేసి చూశాడు. "ఎర్ర పంపులో నీళ్ళు ఎప్పుడూ ఉంటాయనుకున్నావా?"

"నేను ఎప్పుడు తిప్పినా వచ్చేవి. ఎర్ర రంగు వేశారు గదా, దానికి వంతు లేదేమో అనుకున్నా."

"ఓరి నీ అమాయకత్వం మండా!" అని నీళ్ళాయన అతని పక్కన కూర్చుని, అతని తల ఒళ్ళోకి తీసుకున్నాడు. నిప్పాయనకు అప్పుడు దుఃఖం వచ్చింది. వాళ్ళకు కాస్త దూరంగా ఇంజనీరమ్మ బూడిదలో ఉత్తకాళ్ళతో నిలబడింది. నగరం అడిగిందంతా ఆమె గోడ మీదికి ఎక్కించింది. నగరం విన్నది ఒక్కటీ ఎక్కించలేదు. ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే ఆమెకు తట్టింది, చెప్పడానికి అక్కడెవరికీ తెలియదు కూడా.

మర్నాడు నగరపెద్ద అందరినీ కచేరీకి పిలిచాడు. "పాత పెట్టె అటక మీద ఉంది. దింపిద్దామా?" అన్నాడు, మెల్లగా.

"దింపితే నా సెట్టు మీ మొహాన కొడతా" అంది చీపురమ్మ. "కొండ వెనక నేను మళ్ళీ మూగదాన్ని కాను. ఆ బావలిద్దరి సరసాలూ నాకూ కావాలి, కాదనను. దానికి నా గొంతు కోస్తారా?"

అందరూ ఇంజనీరమ్మ వైపు చూశారు. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "తప్పు నాదే" అంది. "గదులు కట్టి అరుగు మరిచిపోయాను. అన్ని గదుల తలుపులూ తెరుచుకునే అరుగు ఒకటి వేస్తాను. ఎవరు ఎక్కడికి బయల్దేరినా ఆ మాట ముందు అరుగు మీద పడుతుంది. అందరికీ వినబడుతుంది. ఆ తర్వాత ఎవరి గదిలోకి వాళ్ళు వెళ్ళి పని చూసుకోవచ్చు."

"అరుగు మీద ఎవరు ఎవరిని ఏం అడుగుతారు?"

"ఎవరూ ఏమీ అడగరు."

"మరి పనెలా అవుతుంది?" అన్నాడు నగరపెద్ద. "అడగందే అమ్మైనా..." అని మొదలుపెట్టి, ఎదురుగా కూర్చున్న నిప్పాయన చేతుల కట్లు చూసి ఆగిపోయాడు. "వెయ్యమ్మా" అన్నాడు.

వేసింది. అరుగు తెరిచే రోజున నగరపెద్ద జరీ తలపాగా చుట్టుకుని, ఉపన్యాసం రాసుకుని మేడ మీదికి వచ్చాడు. ఎవరి మూలల్లో వాళ్ళు సెట్లు పట్టుకుని వింటున్నారు. ఇంజనీరమ్మ, మేడ మాటను కూడా అరుగు మీదికి పంపే కొత్త గుండీ నొక్కింది. గాలిలో చిన్న చప్పుడైంది, తరవాత నిశ్శబ్దం. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

ఇంజనీరమ్మకు తుమ్ము వచ్చింది.

అరచెయ్యి అడ్డం పెట్టినా ఆగలేదు. నగరం నలుమూలలా వినబడేలా, ఒంటి తుమ్ము, శుభమా అని మొదలుపెడుతున్న వేళ. నగరపెద్ద మొహం మాడిపోయింది. మొదటిసారి ముంచింది చాలక రెండోసారీ తన చేతులతోనే చెడగొట్టాననుకుంది ఆమె.

"చిరంజీవ తల్లీ" అంది కొండ వెనక నుంచి చీపురమ్మ.

"శతాయుష్షు" అన్నాడు నిప్పాయన. "కాసిని నీళ్ళు తాగి మొదలుపెట్టించమ్మా."

నీళ్ళాయన గొంతు కోసం ఆమె చెవి ఒగ్గి చూసింది. రాలేదు. ఎంతసేపు చూసినా రాలేదు. నగరపెద్ద ఉపన్యాసం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అంతలో మేడ కింద, కచేరీ పెరట్లో, ఎవరో కట్టకుండా వదిలేసిన కుళాయి ముందు బుస్సుమంది, తర్వాత గుడగుడమంది, ఆ తర్వాత ఖాళీ బిందెలోకి ధారగా దూకింది. ఆమె కిటికీలోంచి వంగి చూసింది. బిందె నిండుతోంది.

ఆ వీధికి ఆ పూట నీళ్ళ వంతు కాదు.