పక్కకు పోయిన చప్పట్లు

పదకొండేళ్లు సేవ చేసినా కుళ్లాయప్పకు మనసు నిండలేదు. వికలాంగుల ఆటల పోటీలు ఎక్కడ జరిగినా ఇనుప సామాన్ల కొట్టు మూసేసి వెళ్లేవాడు. చక్రాల కుర్చీలు తోసేవాడు, నీళ్లందించేవాడు, ఎండలో గంటలకొద్దీ నిలబడేవాడు. ఇదంతా నిజమే. తిరిగొచ్చాక తన ఫోటోలు చూపించకుండా ఎవరినీ వదిలేవాడు కాదు, అదీ నిజమే.

అతని గురువు లింగమ్మ. అనంతపురం బయట చిన్న కొట్టంలో ఉంటూ, అడిగినవాళ్లకు తత్వం చెప్పే ముసలావిడ. అడిగినా సగంసార్లు చెప్పేది కాదు.

"అమ్మా, జనం ఇట్లాంటి సేవకు ఎందుకొస్తారు?" అని అడిగాడు కుళ్లాయప్ప. "కొందరు పుణ్యం అంటారు, కొందరు జాలి అంటారు. పేరు కోసం వచ్చేవాళ్లూ ఉండారు. ఏ ఉద్దేశంతో చేస్తే మంచిది?"

లింగమ్మ శనక్కాయలు ఒలుస్తోంది. "మళ్లీ ఎప్పుడుండాయి పోటీలు?"

"ఆదివారం."

"నేనూ వస్తా."

కుళ్లాయప్ప పొంగిపోయాడు. గురువు కళ్లముందు సేవ చేయడమంటే మాటలా!

ఆదివారం అతనికి చూపులేనివాళ్ల లాంగ్‌జంప్ దగ్గర పని. ఇసుక గుంట అవతలి చివర, సరిగ్గా మధ్యన నిలబడి ఆపకుండా చప్పట్లు కొట్టాలి. దూకేవాళ్లు ఆ చప్పుడు వైపే పరుగెత్తుకొస్తారు. వాళ్లకు అంతకుమించి దారి లేదు.

ఓబులక్ష్మి అనే ఇరవయ్యేళ్ల పిల్ల రెండు నెలలుగా అతని చప్పట్ల మీదే సాధన చేసింది. రాష్ట్ర జట్టులోకి వెళ్లాలంటే నాలుగు మీటర్లు దూకాలి. మూడు అవకాశాలు ఇస్తారు. మొదటిసారి కొద్దిలో తప్పిపోయింది.

రెండోసారికి కుళ్లాయప్ప చప్పట్లు మొదలుపెట్టాడు. ఆమె చెవి రిక్కించి, పరుగందుకుంది.

"సార్, మొహం మీద నీడ పడుతోంది. కొంచెం ఇటు రండి," అన్నాడు పక్కనుంచి ఒక పత్రికవాడు, కెమెరా ఎత్తి.

కుళ్లాయప్ప వెళ్లాడు. నవ్వుతూ, చప్పట్లు కొడుతూనే, నాలుగడుగులు పక్కకు వెళ్లాడు. చూపు కెమెరా మీద ఉంది.

ధడేల్మని చప్పుడైంది. తిరిగి చూసేసరికి ఓబులక్ష్మి గుంట పక్కన సిమెంటు గట్టు మీద పడి ఉంది. మోకాలు చీలి రక్తం కారుతోంది. కుళ్లాయప్ప చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి.

ఆ పిల్ల గట్టు తడుముకుంటూ లేచి కూర్చుంది.

"అన్నా!" అని అరిచింది. "నీకేం కాలేదు గదా? చప్పట్లు పక్కకు పోయినాయి. ఎవరన్నా తోసినారా నిన్ను?"

తిట్టి ఉంటే కుళ్లాయప్ప తట్టుకునేవాడు.

ఆమెకు కట్టు కట్టారు. వద్దన్నా వినకుండా మూడోసారి దూకుతానంది. అన్ననే నిలబెట్టమంది.

"నావల్ల కాదు, వేరేవాళ్లను చూసుకోండి," అంటూ కుళ్లాయప్ప గేటు వైపు నడిచాడు.

లింగమ్మ ఎదురొచ్చి అతని చెయ్యి పట్టుకుంది. గుంట చివరికి తీసుకొచ్చి సరిగ్గా మధ్యన నిలబెట్టింది. తర్వాత కిందికి వంగి కూర్చుని, దోసిళ్లతో ఇసుక తెచ్చి అతని రెండు పాదాల మీద పోసింది. చీలమండల దాకా కప్పి, మొక్క నాటినట్టు చేత్తో అదిమింది.

"అమ్మా, వద్దు," అన్నాడు. "జరిగింది ఆ పిల్లకు తెలీదు."

"నీకు తెలుసు గదా," అంది లింగమ్మ.

కుళ్లాయప్ప మైదానమంతా వినబడేట్టు అరిచాడు. "ఓబులక్ష్మీ! నన్నెవరూ తోయలేదమ్మా. ఫోటో కోసం నేనే జరిగినా."

అటు చివర ఆ పిల్ల కదల్లేదు. పత్రికవాడు కెమెరా దించాడు.

"మళ్లీ జరుగుతావా?" అని అడిగింది ఓబులక్ష్మి. గొంతులో ఇందాకటి చనువు లేదు.

"జరగను."

"అయితే కొట్టు."

అతను చేతులెత్తాడు. అవి తనవి కానట్టే ఉన్నాయి. "ఏమనుకుంటా కొట్టాలమ్మా?" అని గొణిగాడు.

"ఆ పిల్ల యాడుందో చూడు," అంది లింగమ్మ.

చూశాడు. కొట్టాడు. ఆమె కుంటుతూ, నేరుగా అతని మీదికే పరుగెత్తుకొచ్చింది. ఒక మనిషి తన వైపు ఇంత నమ్మి రావడం పదకొండేళ్లలో అతను ఇప్పుడే చూస్తున్నాడు. భయమేసింది. కాళ్లు మాత్రం కదల్లేదు.

ఓబులక్ష్మి గుంట నడిమధ్యన దిగింది. ఇసుక ఎగిరి కుళ్లాయప్ప మోకాళ్లకు తగిలింది.

కొలతలు తీసేవాళ్లు టేపు పట్టి, రెండోసారి కూడా కొలిచారు. నాలుగు మీటర్లకు మూడు వేళ్లు తక్కువ. ఆ పిల్ల ఇసుకలోనే కూర్చుని, ఎవరైనా చెబుతారేమోనని ముఖమెత్తి చెవి రిక్కించింది. వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

కుళ్లాయప్ప ఇసుకలోంచి కాళ్లు లాక్కుని, తనే చెప్పడానికి వెళ్లాడు.