సైరన్ పెట్టె తాళం

“వచ్చే వానాకాలం నుంచి సైరన్ మోగకుండా గోరింకలంకలోకి ఒక్క చుక్క వరద నీరు రాదు. రాసిపెట్టుకోండి.”

గట్టు మీద కుర్చీ వేయించుకుని ఒక పెద్ద అధికారి అన్న మాట ఇది. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఇమ్మానుయేలు మాత్రం నిజంగానే రాసిపెట్టుకున్నాడు, తేదీతో సహా.

సైరన్ స్తంభం వచ్చింది. దాని మొదట్లో ఇనప పెట్టె వచ్చింది. పెట్టెకు తాళం వచ్చింది. ఆ వెనకే వానాకాలమూ వచ్చింది. ఒక మధ్యాహ్నం గోదావరి గట్టు దాటింది. సైరన్ నోరు విప్పలేదు. గడ్డి కోసుకురావడానికి దిగువకు వెళ్ళిన అతని పెద్దమ్మ కరుణమ్మ, మూడో రోజున, మూడు ఊళ్ళ అవతల దొరికింది.

ఇమ్మానుయేలుకు అప్పటికి ఇరవై మూడేళ్ళు. చాలా పుస్తకాలు చదివాడు, చదివినవన్నీ నోటికి వచ్చేశాయి. కోపం వస్తే అతని మాటలు వాటంతటవే నినాదాలైపోయేవి. వీడు అన్నం పెట్టమన్నా డిమాండు చేసినట్టే ఉంటుందని వాళ్ళమ్మ నవ్వేది. ఆ వరద తరవాత ఆవిడ నవ్వలేదు.

మళ్ళీ వానలు పడేలోగా ఆ సైరన్‌ను తనే మోగిస్తానని అమ్మకు చెప్పి, ఇమ్మానుయేలు ఖాదర్ మస్తాన్ గారి దగ్గరికి వెళ్ళాడు.

మస్తాన్ గారు ముప్పై నాలుగేళ్ళు స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. దర్గా వెనక రేకుల షెడ్డులో పిల్లలకు స్క్రిప్టులు, అంటే చిన్న చిన్న కంప్యూటర్ ప్రోగ్రాములు, రాయడం నేర్పుతారు. మాటలు తక్కువ. ఎవరేం చెప్పినా ముందు ఆ మాటను తన నోటితో ఒకసారి తిరిగి అంటారు. అవతలి స్టేషన్ నుంచి ఫోన్లో వచ్చిన ప్రతి మాటనూ అలా తిరిగి చెప్పి, అవునని అనిపించుకున్నాకే రైలు వదిలేవారట. ఆ అలవాటు పోలేదు.

ఒకే కంప్యూటర్లో నడిచే ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఒక దారి ఉంటుంది. దాన్ని మెసేజ్ బస్ అంటారు. ఆ బస్సులోకి మాట ఎక్కించడానికి, దించుకోవడానికి ఒక చిన్న లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడు, ఉంటుంది. నాలుగు లైన్ల స్క్రిప్టు రాస్తే చాలు. ఇమ్మానుయేలు నెల రోజులు కూర్చుని నీటి మట్టం కొలిచే ప్రోగ్రాం రాశాడు. అతనితో పాటు నేర్చుకుంటున్న సుగుణ సైరన్ మోగించే ప్రోగ్రాం రాసింది. మొదటిది చెబితే రెండోది మోగాలి. అంతే పని.

మే నెల చివరి వారంలో పరీక్ష పెట్టారు. నీటి మట్టం పెరిగినట్టుగా, బకెట్లో తేలే బెండును ఇమ్మానుయేలు పైకి లేపాడు. స్క్రీను మీద “పంపబడింది” అని వచ్చింది. బల్ల మీద ఉన్న చిన్న హారన్ కిక్కురుమనలేదు.

మళ్ళీ లేపాడు. పంపబడింది. మళ్ళీ. పదకొండుసార్లు పంపబడింది.

“ఈ లైబ్రరీ దగా మాస్టారూ!” అని లేచాడు. “పైకి అన్నీ సరిగ్గా ఉన్నట్టు చూపిస్తుంది. లోపల ఏమీ జరగదు. ఇదీ వ్యవస్థే!”

“ఇదీ వ్యవస్థే,” అన్నారు మస్తాన్ గారు. కళ్ళజోడు పెట్టుకుని అతని స్క్రిప్టు చూశారు. “ఇక్కడ ప్రకటన పంపావు. పేరు పెట్టి పిలవలేదేం?”

బస్సులో మాట రెండు రకాలుగా వెళుతుంది. ప్రకటనకు చిరునామా ఉండదు. చెవి ఒగ్గినవాడు వింటాడు, లేనివాడు వినడు. పిలుపు అలా కాదు. ఫలానా ప్రోగ్రాం, ఫలానా పని చెయ్యి అని పేరు పెట్టి పిలవాలి. పిలిస్తే అది జవాబివ్వాలి.

“ప్రమాదం అందరిదీ మాస్టారూ. అందరిదైన మాటను ఒక్కడి చెవిలో ఊదడమేంటి? సమాచారం ప్రజల ఉమ్మడి ఆస్తి. దానికి చిరునామా రాయడమంటే కంచె వెయ్యడమే!”

“నా ప్రోగ్రాంకి పేరుంది బాబూ,” అంది సుగుణ, కీబోర్డు మీంచి తల ఎత్తకుండానే. “నోరారా పిలిస్తే నీ సొమ్మేం పోయింది?”

“నువ్వు ఆగు. ఇది సిద్ధాంతానికి సంబంధించిన మాట.”

మస్తాన్ గారు లేచి తలుపు దాకా నడిచారు.

“అబ్బాయ్, ఒకసారి బయటికి వెళ్ళు.”

ఇమ్మానుయేలు వెళ్ళాడు. వెనక గడియ పడింది.

“ఇప్పుడు లోపలికి రా,” అన్నారు లోపలి నుంచి.

నెత్తిన రోహిణి ఎండ. రేకుల గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. ఇమ్మానుయేలు తలుపు తోశాడు. రాలేదు. ఇంకేముంది, నినాదం అందుకున్నాడు.

“తలుపులు తెరవాలి! మూసిన తలుపు అన్యాయానికి మొదటి గోడ! చదువు ఎవడబ్బ సొత్తూ కాదు! తెరవాలి, తెరవాలి!”

లోపల ఎనిమిది మంది ఉన్నారు. కీబోర్డుల చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

గొంతు పెంచాడు. దర్గా ముందు పూలమ్మే ఆవిడ వచ్చి చూసి వెళ్ళిపోయింది. పావుగంట గడిచింది. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. పిడికిలి దానంతటదే దిగిపోయింది. అప్పుడు కిటికీ సందులోంచి లోపలికి చూశాడు. గడియకు అందేంత దగ్గరలో సుగుణ కుర్చీ కనిపించింది.

“సుగుణా,” అన్నాడు బొంగురుపోయిన గొంతుతో. “గడియ నీ పక్కనే ఉంది. కాస్త తియ్యి.”

“తీస్తున్నా,” అని ఆమె లేచి తీసింది.

లోపలికి వచ్చి అందరి మీదా విరుచుకుపడ్డాడు. “వినబడలేదా మీకు? చెవులు లేవా?”

“వీధి చివర దాకా వినబడింది,” అంది సుగుణ.

“మరి?”

“నన్నని నాకెలా తెలుస్తుంది? దొరబాబు తీస్తాడనుకున్నా.”

“నేను మాస్టారు తీస్తారనుకున్నా,” అన్నాడు అవతలి కుర్చీలోంచి దొరబాబు. “అయినా ఆ మొదటి గోడ డైలాగు బాగుంది రా. చప్పట్లు కొడదామనుకున్నా.”

“మాస్టారూ, తియ్యొద్దని మీరే చెప్పారు కదా వీళ్ళకి?”

“నేనేమీ చెప్పలేదు.”

ఇమ్మానుయేలు ఒక్కొక్కరి ముఖం చూశాడు. నిజంగానే వాళ్ళకి ఎవరూ ఏమీ చెప్పలేదు. మస్తాన్ గారు కుండలో నీళ్ళు ముంచి గ్లాసు అతని చేతికిచ్చి, తన కుర్చీలో కూర్చున్నారు.

అతను నీళ్ళు తాగాడు. స్క్రిప్టు తెరిచాడు. ప్రకటన పంపే లైను కొట్టేశాడు.

“నీ ప్రోగ్రాం పేరేంటి?” అని అడిగాడు సుగుణని. ఇన్నాళ్ళకు అడగడం అదే మొదటిసారి. ఆమె కాగితం మీద రాసిచ్చింది. ఆ పేరు పెట్టి, మోగించమనే పని రాసి, బెండు లేపాడు.

హారన్ కెవ్వుమంది. దర్గా మీది పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. స్క్రీను మీద జవాబు వచ్చింది: “మోగించాను.”

అందరూ కేకలు వేశారు. ఇమ్మానుయేలు కళ్ళు తుడుచుకున్నాడు, చెమట అన్నట్టుగా.

మస్తాన్ గారు మాత్రం సుగుణ వైపు చూసి, “నీ ప్రోగ్రాంని మాట్లాడకుండా కూర్చోబెట్టమ్మా,” అన్నారు. ఆమె ఏదో నొక్కింది. “ఇప్పుడు లేపు అబ్బాయ్.”

లేపాడు. మోత లేదు, జవాబూ లేదు. స్క్రిప్టు అక్కడే నిలబడిపోయింది. స్క్రీను మీద కర్సరు గీత మిణుకుమిణుకుమంటోంది. దొరబాబు వెళ్ళి టీలు తెచ్చాడు. అందరూ తాగారు. గీత అలాగే మిణుకుమంటోంది.

“ఎంతసేపు ఆగుతుంది ఇది?” అని అడిగారు మస్తాన్ గారు.

“గడువు ఏమీ పెట్టలేదు. జవాబు వచ్చేదాకా ఆగుతుంది మాస్టారూ.”

“జవాబు వచ్చేదాకా,” అన్నారాయన. “నీళ్ళు ఆగుతాయా?”

ఇమ్మానుయేలు స్క్రిప్టును ఆపి తెరిచాడు. ఇంకో లైను చేర్చాడు. అయిదు సెకన్లే గడువు. అప్పటికీ జవాబు రాకపోతే పడవల రేవులో గంట మోగించే ఇంకో ప్రోగ్రాంకి రెండో పిలుపు. దానికీ పేరు పెట్టాడు, దానికీ గడువు పెట్టాడు.

ఆ సాయంత్రం అతను పంచాల్సిన కరపత్రాలు సంచిలో ఉన్నాయి. “సకల అధికారులకు, ప్రజాస్వామికవాదులకు, చరిత్రకు” అని పైన పెద్ద అక్షరాలు. గట్టు ఆఫీసు గేటు దగ్గర చేసే ధర్నాల కోసం ఏడాదిలో అది తొమ్మిదో కరపత్రం. ఒకటి బయటికి తీసి ఆ మొదటి లైనును చాలాసేపు చూశాడు. సంచి అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఉదయం గట్టు పనులు చూసే ఆఫీసుకు వెళ్ళాడు.

“ఏం బాబూ, ఇవాళ మైకు తేలేదా?” అన్నాడు గేటు దగ్గర వాచ్‌మన్.

“గోరింకలంక సైరన్ పెట్టె తాళం ఎవరి దగ్గరుంటుందండీ?”

వాచ్‌మన్ అతన్ని ఎగాదిగా చూశాడు. “బుల్లెయ్య గారి దగ్గర. లోపల రెండో బల్ల.”

బుల్లెయ్య గారు ఫైలు మూసి వెనక్కి తిరిగి చూపించారు. గోడకు మేకు, మేకుకు తాళంచెవి, దానికి కట్టిన అట్టముక్క మీద ఊరి పేరు.

“ఏడాదికి పైనే అయింది ఇక్కడ పెట్టి. ఎవరూ అడగలేదే.”

ఇమ్మానుయేలు బల్ల మీదికి వంగాడు. “ఎవరూ అడగలేదా? ఎనిమిదిసార్లు మీ గేటు దగ్గర గొంతులు చించుకున్నామండీ! ఊరు ఊరంతా వచ్చింది!”

“ఆయ్, విన్నాం,” అన్నారు బుల్లెయ్య గారు, ఏమాత్రం నొచ్చుకోకుండా. “పైవాళ్ళని అడుగుతున్నారనుకున్నాం.”

చెయ్యి చాపితే తాళంచెవి అందుతుంది. చెయ్యి కొంచెం కదిలింది కూడా. చదివిన పుస్తకాలన్నీ నోటి దాకా వచ్చాయి. అతను వాటన్నిటినీ మింగాడు.

“ఇది నా చేతికి రావాలంటే ఎవరు రాయాలి?”

“సెక్షన్ ఇంజనీరు గారు. చెల్లూరి భానుమతి గారని, మేడ మీద కుడివైపు గది. ఆవిడ ఒక్క ముక్క రాస్తే ఈ క్షణమే ఇచ్చేస్తాను. నాకెందుకు ఇది, దుమ్ము పడుతోంది.”

“ఆవిడ కాదంటే?”

“ఆవిడ పై అధికారి అల్లూరయ్య గారు.”

ఇమ్మానుయేలు రెండు పేర్లూ రాసుకున్నాడు. వరండాలో బెంచీ మీద కూర్చుని తెల్ల కాగితం తీశాడు. కోపం తగ్గలేదు. ఏడాదిగా లోకమంతా పరుచుకున్న కోపం, ఇప్పుడు ఆ కాగితం వెడల్పుకు వచ్చింది. రాయడం అయ్యాక కింద అలవాటుగా ఒక నినాదం పడింది. దాన్ని కొట్టేసి, ఇంకో కాగితం మీద శుభ్రంగా మళ్ళీ రాశాడు. మేడ ఎక్కి, కుడివైపు గదిలో ఉన్న మనిషిని భానుమతి గారేనా అని అడిగి, అవునన్నాకే చేతికిచ్చాడు.

“శ్రీమతి చెల్లూరి భానుమతి గారికి.

గోరింకలంక సైరన్ పెట్టె తాళంచెవి మీ ఆఫీసులో రెండో బల్ల వెనక మేకుకు ఉంది. సైరన్ మోగించే ప్రోగ్రాం మా దగ్గర సిద్ధంగా ఉంది. పెట్టెలో అమర్చడానికి ఒక పగలు చాలు. తాళంచెవి ఇవ్వమని బుల్లెయ్య గారికి రాయండి. ఇవ్వకూడదనుకుంటే ఆ మాటే మీ సంతకంతో నాకు రాయండి. రెండూ రాకపోతే మర్నాడు పొద్దున్నే ఇదే కాగితంతో అల్లూరయ్య గారి ముందు ఉంటాను.

మీ జవాబుకు గడువు: జూన్ పన్నెండు, సాయంత్రం అయిదు గంటలు.”