దాహం తీరని సున్నం

అనగనగా ఒక రాజ్యం. అక్కడ రాళ్లు కాల్చి గోడలకు తెలుపు తెచ్చే మనుషులు ఉండేవారు. వాళ్లకు పెద్ద చెన్నక్క.

రాజు చండకేతు కొత్త సభామంటపం కట్టించాడు. దానికి గార పూసే పని చెన్నక్కకూ, ఆమె తమ్ముడు ఓబులేశుకూ అప్పగించాడు. వాళ్లు కొండ నుంచి సున్నపురాయి తెచ్చారు. బట్టీలో బొగ్గుతో కలిపి పేర్చి మూడు రోజులు కాల్చారు. కాలిన రాయిని గుంతలో వేసి నీళ్లు పోశారు. అది బుస్సుమంది, కుతకుత ఉడికింది.

"ఇక నెల రోజులు నానాలి. ఆ తర్వాతే ఇసుక కలిపి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోసి గానుగలో నూరుతాం" అంది చెన్నక్క.

"నెలా? పదో రోజున ముహూర్తం! మూడో రోజే తియ్యండి" అన్నాడు రాజు. "నా ఆజ్ఞకు సున్నమైనా లొంగాలి."

"మనుషులు లొంగుతారు దేవరా. రాయి లొంగదు."

రాజు వినలేదు. భటులు కర్రలు పట్టుకొని నిలబడి, మూడో రోజే గుంత ఖాళీ చేయించారు.

ముహూర్తానికి గోడలు అద్దంలా మెరిశాయి. మొదటి నెలలో గోడ పొక్కింది. రెండో నెలలో కప్పు పొక్కింది. మూడో నెలలో, విందుకు వచ్చిన పొరుగురాజు పాయసంలో గార పెచ్చు ఊడిపడింది.

"వీళ్లు సున్నం కాజేసి ఇసుక దట్టించారు ప్రభూ" అన్నాడు మంత్రి. రాజు మండిపడి, గోడలకు గార పూసిన ఓబులేశును కట్టేయించి కుడిచెయ్యి నరకమన్నాడు.

చెన్నక్క రాజు ముందుకు వచ్చింది.

"ముందు గోడను అడగండి దేవరా."

"ఏమే, గోడ మాట్లాడుతుందా?" మంత్రి నవ్వాడు.

"మీకంటే నిజమే చెబుతుంది బాబూ."

ఆమె మూడు పొక్కులు చిదిపింది. ప్రతి పొక్కులోనూ శనగగింజంత తెల్లని పలుకు. మూడింటినీ ఇత్తడి పళ్లెంలో పెట్టి నీళ్లు చల్లింది. ఒకటి బుస్సుమంది. ఒకటి పగిలింది. ఒకటి ఉబ్బి పిండి అయింది. పళ్లెం తాకిన రాజు వేలు చురుక్కుమంది.

"ఇసుక ఇలా పొంగుతుందా? గుంతలో దాహం తీరని రాయి ఇది. తడి తగిలినప్పుడల్లా తాగి, గోడలోనే ఉబ్బుతోంది. దీన్ని మూడో రోజే లేపమన్నది ఎవరు? నా తమ్ముడి చెయ్యి ఆ ఆజ్ఞను మోసింది, అంతే. శిక్ష వెయ్యాలంటే ఆజ్ఞ పుట్టిన చోటు చూడండి!"

వెనక నిలబడ్డ గార పనివాళ్లందరూ తాపీలు కింద పెట్టేశారు.

"ఓబులేశు చెయ్యి పోతే, ఈ రాజ్యంలో మా చేతులూ లేవు" అన్నారు.



"తప్పు నాది. అతని కట్లు విప్పండి" అన్నాడు రాజు. "చెన్నక్కా, ఈసారి నువ్వు చెప్పినన్నాళ్లూ ఆగుతాను."

పాత గార చెక్కేశారు. కొత్త సున్నం నెల రోజులు నానింది. అన్నాళ్లూ రాజు గుడారంలోనే కొలువు తీర్చాడు. ఆ తర్వాత పూసిన గార రాజు మనవల కాలానికీ పొక్కలేదు.

నీతి: పనికి పట్టే కాలాన్ని ఎవరు కాజేస్తారో, ఆ పనిలోని తప్పుకు వాళ్లే బాధ్యులు.