తీరికమ్మ గుడిలో మధ్యాహ్నపు కునుకు

అన్యాయం జరిగింది పేరిందేవమ్మ అనే వంటమనిషికి, శుభకృతు నామ సంవత్సరం శ్రావణ మాసం రెండో శుక్రవారం నాడు. చింతకుదురు తీరికమ్మ దర్శనానికి వచ్చే భక్తులు ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. మధ్యాహ్నం నైవేద్యం వండిన మనిషి వేడివేడిగా తిని, ఓ కునుకు తీసి లేచేదాకా ఇక్కడ గర్భగుడి తలుపులు తీయరు. గడియారం చూసుకుని విసుక్కున్నందువల్ల ప్రయోజనం లేదు. లోపల అమ్మవారు కూడా కాళ్ళు చాపుకునే కూర్చుని ఉంటుంది.

పూర్వం ఇక్కడ అమ్మవారు నిలబడి ఉండేది. అప్పటి పేరు కొండమ్మ. పేరిందేవమ్మ పదహారేళ్ళకే భర్తను పోగొట్టుకుని, పుట్టిల్లూ లేక ఈ వంటశాలకు చేరింది. ఇరవై రెండేళ్ళు ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని నైవేద్యం వండింది. వండేటప్పుడు వాసన, రుచి చూడకూడదన్నది గుళ్ళలో ఉన్న నియమమే. ధర్మకర్త సింగరయ్య దానికి మరికొన్ని తగిలించాడు: పొద్దు గూకాక ఒక్కపూట, అదీ చల్లారిన మాడు. ఏకాదశికి అదీ లేదు. పగటి నిద్ర మహాపాపం. వచ్చిన పెద్దమనుషులకు ఆమెను చూపించి, "తిండి యావే లేని మనిషండీ, మా గుడి పుణ్యం" అని మురిసిపోయేవాడు. తాను మాత్రం రెండు పూటలా నెయ్యి వేసుకునేవాడు.

ఆకలి అణిచీ అణిచీ ఆమె నాలుక మొద్దుబారింది. ఆ సంగతి ఆమెకూ తెలియదు, రుచి చూస్తే కదా తెలిసేది. ఆ శుక్రవారం కళ్ళు తిరిగే నీరసంలో, వేశానో లేదో గుర్తురాక పులిహోరలో మూడుసార్లు ఉప్పు వేసింది. ప్రసాదం నోట పెట్టినవాళ్ళు పెట్టినట్టే ఉమ్మేశారు. "కావాలనే చేసింది" అన్నాడు సింగరయ్య. మిట్టమధ్యాహ్నం ఎండలో కట్టుబట్టలతో గెంటించాడు.

ఎటు పోవాలో తెలియక ఆమె ఊరి బయట, గొర్రెలు కాచుకునే గురవమ్మ గుడిసె ముందు కూలబడింది.

"ఏందమ్మా, గుళ్ళో వండేదానివి, డొక్కలు ఇట్టా అతుక్కుపోయినాయి?" అంది గురవమ్మ. పొగలు కక్కే జొన్న సంకటిలో గుంట చేసి వెన్న వేసింది, పక్కన గోంగూర పచ్చడి పెట్టింది. "ఊదుకుంటా నిదానంగా తిను. నిన్ను తరిమేవాళ్ళు ఈడ ఎవురూ లేరు."

కులం సంగతి ఇద్దరికీ గుర్తొచ్చేసరికి ముద్ద గొంతు దిగిపోయింది. ముందు పులుపు తెలిసింది, ఆ తర్వాత వెన్న, చివరికి ఉప్పు. పేరిందేవమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే రెండో ముద్ద పెట్టించుకుంది. ఆపైన గుడిసె నీడన ఒళ్ళెరగకుండా నిద్రపోయింది.

అవతల గుడిలో, ఎవరు ఎంత ఊదినా, పొయ్యి అంటుకోలేదు. పన్నెండో నాడు పొద్దు బారెడెక్కాక, సింగరయ్య మంటపంలో స్తంభానికి ఆనుకుని తెలియకుండానే కునికాడు. కలలో కొండమ్మ కాళ్ళు చాపుకుని సంకటి తింటోంది. "ఉప్పుకు కాదురా నా కోపం. రుచి ఎరగని చేతి వంట ఇన్నేళ్ళు నాకు పెట్టించావు. ముందు దాన్ని తిననీ, తిని పడుకోనీ. నాకేం తొందర లేదు" అంది. ఉలిక్కిపడి లేచి చూస్తే రాతి విగ్రహం నిజంగానే కూర్చుని ఉంది.

సింగరయ్య పేరిందేవమ్మ తలదాచుకున్న గుడిసెకు పరిగెత్తి, కల సంగతి చెప్పాడు. "తప్పయింది, రా తల్లీ."

"వండింది ముందు నేను తింటాను, కూర్చుని, వేడిగా. ఒప్పుకుంటే వస్తాను" అంది పేరిందేవమ్మ.

"ఇవాళ ఏకాదశి కదమ్మా!"

"అమ్మవారికి తిథులు తెలియవంటారా?"

ఆమె ఊదగానే పొయ్యి అంటుకుంది. కొండమ్మ ఆనాటి నుంచి తీరికమ్మ అయింది.

ఇక్కడ ఉపవాసపు మొక్కులు పుచ్చుకోరు. నిద్ర పట్టనివాళ్ళు, తిండి సయించనివాళ్ళు, ఇంట్లో అందరూ తిన్నాక గిన్నె గోకి తినే ఆడవాళ్ళు వచ్చి, ఒక్కో ముద్దా రుచి తెలిసేలా నమిలి, మంటపంలో కాసేపు నడుం వాలుస్తారు. అదే పూజ. అమ్మ వాళ్ళకు ఆకలినీ నిద్రనూ తిరిగి ఇస్తుందని నమ్మకం. తలుపులు తీసేలోపు వంటశాల గడప మీద చెక్కిన రెండు వాక్యాలు చదువుకోవచ్చు:

"శుభకృతు నామ సంవత్సర శ్రావణ బహుళ ఏకాదశి, బుధవారం. పేరిందేవమ్మ వేడిగా తిని పడుకున్నది."